విండోస్ 10కు మద్దతు ముగిసింది: నరసన్నపేటలోని మా చిన్న డీటీపీ కేంద్రంలో పాత కంప్యూటర్లను ఏం చేయాలి?

ప్రశ్న: నరసన్నపేట డీటీపీ

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటలో పద్నాలుగేళ్ళుగా ఒక చిన్న డీటీపీ, ఇంటర్నెట్ కేంద్రం నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు కంపోజ్ చేయడం, విద్యార్థులకు దరఖాస్తులు నింపి హాల్ టికెట్లు తీసివ్వడం, రైతులకు అడంగల్, 1-బి నకళ్ళు ముద్రించి ఇవ్వడం, ఆధార్ వేలిముద్రతో బ్యాంకు ఖాతాలోని డబ్బు చెల్లించడం మా దగ్గర రోజూ జరిగే పనులు. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగిసిందనే సందేశం తెరమీద పదే పదే వస్తూ ఉంటే పట్టణంలోని ఒక దుకాణంలో అడిగాను. నాలుగు కంప్యూటర్లూ తీసేసి కొత్తవి కొనడం తప్ప మార్గం లేదని చెప్పారు. అంత పెట్టుబడి పెట్టే స్థితిలో నేను లేను. అలాగని ఊరివాళ్ళ ఆధార్ నంబర్లు, ఖాతా వివరాలు నా కంప్యూటర్ల గుండా వెళ్తున్నప్పుడు పట్టనట్టు ఊరుకోవడానికి మనసు ఒప్పడం లేదు.

కౌంటర్ మీద ఉన్నది ఐ3 నాలుగో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉన్న యంత్రం. దానిలో విండోస్ 10 ఉంది, వేలిముద్ర యంత్రం కూడా దానికే తగిలించి ఉంది. ఆ వేలిముద్ర యంత్రంతో వచ్చిన సాఫ్ట్‌వేరు విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. లోపలి గదిలో ఐ5 ఎనిమిదో తరం యంత్రం ఒకటి ఉంది. దాన్ని రెండేళ్ళ క్రితం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఎస్ఎస్‌డీ ఉంది, 8 జీబీ ర్యామ్ ఉంది, అయినా విండోస్ 11కు పనికిరాదనే తెరమీద వస్తోంది. మూడోది కోర్ 2 డుయో. దానిలో విండోస్ 7, పేజ్‌మేకర్ 7, అనూ ఫాంట్లు ఉన్నాయి. నా శుభలేఖల పని మొత్తం దాని మీదే జరుగుతుంది, కెనాన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ కూడా దానికే ఉంది. ఈ మూడింటికీ ఒకే నెట్‌వర్క్ స్విచ్ నుంచి కేబుళ్ళు వేసి ఒక ఫోల్డర్‌ను ఉమ్మడిగా వాడుకుంటున్నాము. నాలుగోది ఇంట్లో డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ల్యాప్‌టాప్, ఐ5 ఏడో తరం. వీటిలో దేన్ని ఉంచుకోవచ్చు, దేన్ని మార్చాలి, ఎంత కాలం ఆగవచ్చు అన్నది తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: విశ్రాంత అధ్యాపకుడు, విజయనగరం

మీరు ప్రశ్న అడిగిన తీరులోనే సగం జవాబు ఉంది. కంప్యూటర్ ఎంత పాతది అన్న లెక్క కంటే, దాని మీద ఏ పని జరుగుతోంది, అది ఇంటర్నెట్‌కు తగిలి ఉందా, దానిలో ఎవరి వివరాలు ఉన్నాయి అన్న మూడు విషయాలే నిర్ణయానికి ఆధారం కావాలి. నాలుగు యంత్రాలకూ ఒకే మందు రాసినవారు ఈ మూడింటిలో ఒక్కటి కూడా అడిగి ఉండరని నా అనుమానం.

మద్దతు ముగియడం అంటే ఆ రోజుతో కంప్యూటర్ ఆగిపోవడం కాదు. ప్రతి నెలా రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్ విడుదల చేసే భద్రతా సవరణలు ఇకపై ఆ విండోస్‌కు రావు. విండోస్ 10, విండోస్ 11 లోపల చాలా భాగం ఒకటే. ఒకే మేస్త్రి ఒకే కొలతలతో కట్టిన రెండు ఇళ్ళలో ఒక ఇంటి పెరటి తలుపు గడియ బాగుచేస్తే, పక్క ఇంటి గడియ ఎక్కడ వదులుగా ఉందో చూసేవాడికి అర్థమైపోయినట్టే, విండోస్ 11కు వచ్చిన సవరణను విప్పి చూసి, విండోస్ 10లో అదే లోపం ఎక్కడ ఉందో దొంగలు కనిపెట్టగలరు. కాబట్టి మద్దతు లేని విండోస్‌కు ప్రమాదం మొదటి రోజున కొంచెమే ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ పేరుకుపోతుంది.

2017 మే నెలలో వానాక్రై అనే దాడి జరిగింది గుర్తుందా? నూట యాభైకి పైగా దేశాలలో కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగిన దాడి అది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న లోపానికి సవరణ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న వచ్చింది. వేసుకోనివారు ఎక్కువగా నష్టపోయారు. అది ఒక యంత్రంలో చేరాక ఎవరూ ఏదీ నొక్కకుండానే, ఫోల్డర్లు ఉమ్మడిగా వాడుకునే ఏర్పాటులోని లోపం ద్వారా, అదే కేబుల్ మీద ఉన్న మిగతా యంత్రాలకు పాకింది. మీ స్విచ్, మీ ఉమ్మడి ఫోల్డర్, 2020 జనవరి 14 నుంచి సవరణలు లేని మీ విండోస్ 7 యంత్రం, వీటన్నిటినీ కలిపి చూస్తే నాకు అన్నిటికంటే భయం కలిగించేది అదే. ఈ రోజే ఆ విండోస్ 7 యంత్రం వెనుక ఉన్న నెట్‌వర్క్ కేబుల్ తీసేయండి. వైఫై ఉంటే అదీ తీసేయండి. దానికి పైసా ఖర్చు లేదు. శుభలేఖల పని దాని మీద నిశ్చింతగా చేసుకోండి. ఫైళ్ళు పెన్ డ్రైవ్‌లో మాత్రమే రావాలి, అదీ లోపలి గదిలోని యంత్రంలో స్కాన్ చేశాకే రావాలి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దానికి మద్దతు పోయి చాలా కాలమైనా మీ పని నడుస్తూనే ఉంది కదా. బయటి ప్రపంచంతో సంబంధం లేనంతవరకు పాత సాఫ్ట్‌వేరు పాత కుట్టుమిషను లాంటిదే.

యాంటీవైరస్ ఉంది కదా అని కొందరు ధైర్యం చెబుతారు. విండోస్ 10లోని యాంటీవైరస్ అయిన డిఫెండర్‌కు వైరస్ గుర్తులు 2028 అక్టోబర్ వరకు వస్తూనే ఉంటాయి, అది నిజం. కానీ అవి తెలిసిన వైరస్‌ను గుర్తుపట్టడానికే ఉపయోగపడతాయి, విండోస్‌లోని లోపాన్ని పూడ్చవు.

ఇక మీ అమ్మాయి ల్యాప్‌టాప్ సంగతి. ఏడో తరం ప్రాసెసర్ విండోస్ 11 అధికారిక జాబితాలో లేదు. కానీ వ్యక్తిగత వినియోగదారుల కోసం మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా సవరణలను పొడిగించింది. విండోస్ 10లో చివరి వెర్షన్ అయిన 22హెచ్2 ఉండాలి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించాలి. సెట్టింగులను ఆ ఖాతాకు అనుసంధానిస్తే ఉచితంగా, లేదా వెయ్యి రివార్డు పాయింట్లతో, లేదా ఒక్కసారి 30 డాలర్లు చెల్లించి చేరవచ్చు. ఒక ఖాతా మీద పది యంత్రాల వరకు వర్తిస్తుంది. విండోస్ అప్‌డేట్ పేజీలో చేరమనే లింకు కనిపిస్తుంది. ఆమె చదువు ఆగకుండా ఆ తేదీ వరకు గడువు దొరుకుతుంది, ఈలోగా తొందరపడకుండా నిర్ణయం తీసుకోవచ్చు.

అయితే ఈ ఉచిత ఏర్పాటు ఇళ్ళలో వాడేవారి కోసం ఉద్దేశించినది. సంస్థలకు వేరే ధర ఉంది: మొదటి సంవత్సరం యంత్రానికి 61 డాలర్లు, ఆపై ఏటా రెట్టింపు, గరిష్ఠంగా మూడేళ్ళు. రెండో ఏడాది చేరినా మొదటి ఏడాది సొమ్ము కూడా కట్టాలి. మీ కౌంటర్ మీది పాత ఐ3 కోసం అంత పెట్టడం తగదని నా అభిప్రాయం.

జవాబు: మరమ్మతు బల్ల, శ్రీకాకుళం

మాస్టారు చెప్పిన కేబుల్ మాటకు నేను రెండు చేతులూ ఎత్తి ఒప్పుకుంటాను. ఐ5 ఎనిమిదో తరం యంత్రం గురించి మాత్రం నేను చెప్పాలి, ఎందుకంటే పాలకొండ రోడ్డులోని మా బల్ల మీదికి ఇలాంటివి చాలా వచ్చాయి. ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్ విండోస్ 11కు అర్హమైనదే. పనికిరాదని తెరమీద రావడానికి చాలా సార్లు కారణం ప్రాసెసర్ కాదు, కంప్యూటర్ లేచేటప్పుడు మొదట నడిచే అమరికల తెర, అంటే బయోస్‌లో రెండు అమరికలు ఆపివేసి ఉండడం.

ముందు విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో టి, పి, ఎం, చుక్క, ఎం, ఎస్, సి అనే ఇంగ్లీషు అక్షరాలు కొట్టి ఎంటర్ చేయండి. టీపీఎం, అంటే భద్రతా తాళాలు దాచే చిప్పు, దొరకలేదని వస్తే కంగారు పడకండి. కంప్యూటర్‌ను మళ్ళీ ఆన్ చేస్తూ డిలీట్ గాని, ఎఫ్2 గాని నొక్కి బయోస్‌లోకి వెళ్ళి, సెక్యూరిటీ అన్న చోటో అడ్వాన్స్‌డ్ అన్న చోటో వెతకండి. ఇంటెల్ బోర్డులలో దాన్ని పీటీటీ అని రాస్తారు, ఏఎండీ బోర్డులలో ఎఫ్‌టీపీఎం అని రాస్తారు. దాన్ని ఆన్ చేసి సేవ్ చేస్తే సగం పని అయిపోయినట్టే.

మిగతా సగం కొంచెం జాగ్రత్తగా చేయవలసినది. సెకండ్ హ్యాండ్ యంత్రాలలో విండోస్‌ను పాత పద్ధతిలో, అంటే ఎంబీఆర్ డిస్క్ మీద లెగసీ బూట్‌తో వేసి ఇస్తూ ఉంటారు. విండోస్ 11కు యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతి, సెక్యూర్ బూట్ అనే భద్రతా అమరిక కావాలి. దీనికోసం డిస్క్ మొత్తం చెరపనవసరం లేదు. డిస్క్‌ను ఎంబీఆర్ నుంచి జీపీటీ అనే కొత్త అమరికకు మార్చే పనిముట్టు విండోస్ 10లోనే ఉంది. అది ముందు డిస్క్‌ను పరీక్షించి సరిపోతుందో లేదో చెబుతుంది. డిస్క్ మీద మూడుకు మించి ప్రైమరీ భాగాలు ఉంటే ఒప్పుకోదు. మార్పు పూర్తయ్యాక బయోస్‌లో లెగసీ తీసి యూఈఎఫ్ఐ పెట్టాలి. ఇది మరిచిపోయి కంప్యూటర్ లేవడం లేదని కన్నీళ్ళతో వచ్చినవారు ఉన్నారు. మీ విండోస్ 10కు సరైన లైసెన్సు ఉంటే విండోస్ 11కు మళ్ళీ డబ్బు కట్టనక్కరలేదు.

అయితే ఇదంతా మొదలుపెట్టే ముందు మీ ఫైళ్ళు బయటి డిస్క్‌లోకి తీసుకోండి. తీశాక ఆ డిస్క్‌ను యంత్రానికి తగిలించి వదిలేయకండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత ఉద్దానం నుంచి తడిసిన కంప్యూటర్లు నా దగ్గరికి రెండు వారాల పాటు వస్తూనే ఉన్నాయి. ఒక ఫోటో స్టూడియో ఆయన తన డిస్క్‌ను తువ్వాలులో చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకొని వచ్చారు. రంధ్రంలోంచి ఇసుకనీళ్ళు కారుతున్నాయి. ఆయన నకలు కూడా తీసుకున్నారు, కానీ అది అదే బల్ల సొరుగులో ఉంది. రెండూ పోయాయి. కాబట్టి మీ నకలు ఇంట్లో ఉండాలి, దుకాణంలో కాదు.

ఐ5 విండోస్ 11కు మారగానే వేలిముద్ర యంత్రాన్ని దానికి తగిలించండి. డబ్బు చెల్లింపులు పూర్తిగా దాని మీదే జరగాలి. కౌంటర్ మీది ఐ3కి ఒక ఎస్ఎస్‌డీ వేసి, మరో 4 జీబీ ర్యామ్ పెడితే ఇంకా కొన్నేళ్ళు పని చేస్తుంది, కానీ దానిలో ఏ సిస్టమ్ వేయాలి అన్నది వేరే ప్రశ్న.

జవాబు: రాజాం అక్షరాలు

నేనూ డీటీపీ పనివాడినే. మరీ ఇంతగా భయపడనక్కరలేదని అనుకుంటున్నాను. రూఫస్ అనే పనిముట్టుతో పెన్ డ్రైవ్ తయారుచేసుకుంటే టీపీఎం, ప్రాసెసర్ నిబంధనలను దాటవేసి విండోస్ 11 ఏ యంత్రంలోనైనా వేసుకోవచ్చు. నేను నా కోర్ 2 డుయోలో అలాగే వేశాను. ఏడాదిన్నరగా ఒక్క ఇబ్బంది లేదు, అప్‌డేట్లు కూడా వచ్చాయి. నరసన్నపేట సోదరుడు కూడా మూడు యంత్రాలలో ఇదే పద్ధతి పాటిస్తే ఖర్చు లేకుండా సరిపోతుంది కదా?

జవాబు: విశ్రాంత అధ్యాపకుడు, విజయనగరం

రాజాం మిత్రమా, మీరు చేసింది సాధ్యమే. కానీ దయచేసి ఇప్పుడే ఒక పని చేయండి: విండోస్ మీట, ఆర్ మీట నొక్కి, విన్‌వెర్ అని ఇంగ్లీషులో కొట్టి, ఏ వెర్షన్ ఉందో చూడండి. మీది కోర్ 2 డుయో కాబట్టి 23హెచ్2 గాని, అంతకంటే పాతది గాని అయి ఉండాలి. 24హెచ్2 నుంచి విండోస్ 11 లేవాలంటే ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్, ఎస్ఎస్ఈ 4.2 అనే సూచనలు ఉండాలి. అవి కోర్ 2 డుయోలో లేవు, ఏ పనిముట్టూ వాటిని తెచ్చి పెట్టలేదు. హోమ్, ప్రో వాడేవారికి 23హెచ్2 మద్దతు 2025 నవంబర్ 11తో ముగిసింది. అంటే మీ యంత్రం కూడా ఇప్పుడు మద్దతు లేని విండోస్ మీదే నడుస్తోంది, పేరు మాత్రం 11. ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. రోజూ బాగానే నడుస్తున్న యంత్రం ఎప్పుడు రక్షణ కోల్పోయిందో ఏ చప్పుడూ వినిపించదు కాబట్టి రాస్తున్నాను.

నిబంధనలు దాటవేసి వేసుకున్న విండోస్ 11కు అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. నెలనెలా వచ్చేవి చాలామందికి వస్తున్నా, ఏటా వచ్చే కొత్త వెర్షన్ తనంతట తాను రాదు, ప్రతిసారీ మనమే పెన్ డ్రైవ్‌తో వేసుకోవాలి. ఏడో తరం ల్యాప్‌టాప్ మీద తెలిసినవారు అలా చేసుకుంటే నేను కాదనను. ఊరివాళ్ళ డబ్బు చెల్లించే యంత్రం మీద మాత్రం చేయకూడదు.

జవాబు: రాజాం అక్షరాలు

చూశాను మాస్టారూ. 23హెచ్2 అనే ఉంది. కేబుల్ తీసేశాను. బొబ్బిలి వైపు ఎవరో విండోస్‌కు బదులు లినక్స్ అనే ఉచిత సిస్టమ్ వేస్తున్నారని విన్నాను, వారి మాట కూడా వినాలని ఉంది.

జవాబు: పుస్తకాల గది, బొబ్బిలి

ఆ విన్న మాట మా గురించే కావచ్చు. మేము కొందరు మిత్రులం కలిసి నడుపుతున్న చదువుల గదిలో ఆరు పాత కంప్యూటర్లు ఉన్నాయి, అన్నీ మూడో తరం, నాలుగో తరం ఐ3లే. రెండో ఏడాది నడుస్తోంది, అన్నిటిలోనూ లినక్స్‌లో ఒక రకమైన మింట్ 22, తేలికగా నడిచే ఎక్స్ఎఫ్‌సీఈ రూపంలో వేసుకున్నాము. దీనికి 2029 వరకు భద్రతా సవరణలు వస్తాయి, డబ్బు కట్టవలసిన పని లేదు. 4 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు బ్రౌజర్, పీడీఎఫ్, లిబ్రే ఆఫీస్ తప్ప వేరేవి పెద్దగా వాడరు కాబట్టి మార్పు గురించి మొదటి రెండు రోజులే అడిగారు.

మీ కౌంటర్ ఐ3కి ఇది సరిపోతుందని నా నమ్మకం, ఎందుకంటే అడంగల్, హాల్ టికెట్, దరఖాస్తు అన్నీ బ్రౌజర్‌లో జరిగే పనులే. కానీ నేరుగా వేసేయకండి. 8 జీబీ పెన్ డ్రైవ్‌లో మింట్‌ను సిద్ధం చేసుకొని, డిస్క్‌ను ముట్టుకోకుండా పెన్ డ్రైవ్ మీదనే ఒక రోజంతా నడిపి చూడండి. మీరు రోజూ తెరిచే ప్రతి వెబ్‌సైటూ తెరిచి, ఒక్కో కాగితం ముద్రించి, స్కానర్‌తో ఒక ఫోటో తీసి, వైఫై నిలకడగా ఉందో లేదో గమనించి, అప్పుడు నిర్ణయించుకోండి. ఎప్సన్ ఎల్ శ్రేణి ఇంకు ట్యాంకు ప్రింటర్లు మాకు ఏ ఇబ్బందీ లేకుండా పనిచేశాయి. హెచ్‌పీ ప్రింటర్లకు ఆ సంస్థ లినక్స్ డ్రైవర్లను ఇస్తూ ఉంది. మీ దగ్గర ఉన్న కెనాన్ ఎల్‌బీపీ 2900 మాత్రం లినక్స్‌లో చాలా సతాయిస్తుంది. మేము మూడు సాయంత్రాలు దానితో కుస్తీపట్టాము. ఒక కాగితం వచ్చేది, రెండోది సగంలో ఆగేది, ప్రింటర్‌ను ఆపి మళ్ళీ ఆన్ చేస్తే తప్ప కదిలేది కాదు. అదృష్టం ఏమిటంటే మీది ఇప్పటికే విండోస్ 7 యంత్రానికి ఉంది, దాన్ని అక్కడే ఉంచండి.

చేయలేనివి కూడా చెప్పాలి. లెక్కలకు వాడే టాలీ లినక్స్‌లో నేరుగా నడవదు. పేజ్‌మేకర్, అనూ కూడా అంతే. వేలిముద్ర యంత్రం గురించి ముందే చెప్పారు. ఆఫీసులవాళ్ళు పంపే వర్డ్ ఫైళ్ళు లిబ్రే ఆఫీస్‌లో తెరుచుకుంటాయి గాని, పట్టికలు ఎక్కువగా ఉన్న దరఖాస్తు నమూనాలలో గీతలు కొన్నిసార్లు జరుగుతాయి. అలాంటివి మేము వెబ్‌లో తెరిచి పని కానిస్తున్నాము.

తెలుగు టైపింగ్ విషయంలో నాకు మొదట ఉన్న భయం తీరిపోయింది. మింట్‌లో ఐబస్ అనే టైపింగ్ పనిముట్టు ద్వారా ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరికతో పాటు ఆపిల్ అమరిక కూడా దొరుకుతుంది. అనూలో ఆపిల్ అమరికకు అలవాటుపడిన మా మిత్రుడు మొదటి వారం కొన్ని మీటల దగ్గర తడబడ్డారు, తరువాత వేళ్ళే దారి కనుక్కున్నాయి. పుస్తకాల కూర్పుకు స్క్రైబస్ 1.6 వాడుతున్నాము, తెలుగు ఒత్తులు అందులో సరిగ్గా పడుతున్నాయి. ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ ఫాంట్లలో గిడుగు, గురజాడ అనే పేర్లతో ఉన్నవి ఉచితంగా దొరుకుతాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారు ఆ పేర్లున్న ఫాంట్లతో తెలుగు అచ్చువేసుకోవడం నాకు ప్రత్యేకమైన ఆనందం కలిగిస్తుంది. అనూలో దాచుకున్న పాత ఫైళ్ళు ఆ ఫాంటు లేకపోతే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తాయని మీకు తెలుసు. విండోస్ మద్దతు సంగతి ఎలా ఉన్నా, పద్నాలుగేళ్ళ మీ పని ఆ ఒక్క కోర్ 2 డుయో బోర్డు మీద ఆధారపడి ఉండడం మంచిది కాదు. నెమ్మదిగా యూనికోడ్‌లోకి తెచ్చుకోవడం ఇప్పటినుంచే మొదలుపెట్టండి.

జవాబు: నరసన్నపేట డీటీపీ

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మూడు వారాలలో జరిగింది రాస్తున్నాను, నాలాంటివారికి పనికివస్తుంది.

మాస్టారి జవాబు చదివిన పది నిమిషాలలో విండోస్ 7 యంత్రం కేబుల్ పీకేశాను. మరుసటి ఆదివారం ఐ5 బయోస్‌లోకి వెళ్ళాను. పీటీటీ అన్న మాట సెక్యూరిటీ కింద కనిపించలేదు, ఇంకో రెండు పేజీలు లోపల దొరికింది. ఆన్ చేశాను. డిస్క్‌ను పరీక్షిస్తే కుదరదని వచ్చింది, ఎందుకంటే అమ్మినవారు దాన్ని నాలుగు ముక్కలుగా చేసి ఇచ్చారు. 'E' అనే డ్రైవ్‌లో ఉన్న ఫోటోలన్నీ బయటి డిస్క్‌లోకి తీసుకొని, ఆ ముక్కను తొలగించాక పరీక్ష నెగ్గింది. యూఈఎఫ్ఐ పెట్టడం మరిచిపోలేదు, శ్రీకాకుళం మిత్రుడి మాట కాగితం మీద రాసి తెరకు అంటించుకున్నాను. సాయంత్రానికి విండోస్ 11 వచ్చింది. బయటి డిస్క్ ఇప్పుడు ఇంట్లో బియ్యం డ్రమ్ము పైన అటకమీద ఉంది. వేలిముద్ర యంత్రాన్ని ఐ5కు మార్చి దాన్నే కౌంటర్ మీదికి తెచ్చాను, పాత ఐ3ని పక్కబల్ల మీద పెట్టాను.

ఐ3లో మింట్‌ను పెన్ డ్రైవ్ మీద రెండు రోజులు నడిపాక డిస్క్‌లో వేసుకున్నాను. అడంగల్ వస్తోంది, ముందునుంచీ మా దగ్గర ఉన్న ఎప్సన్ ప్రింటర్‌లో ముద్రణ వస్తోంది. ఒక బ్యాంకు సైటులో మాత్రం పీడీఎఫ్ తెరవడానికి వేరే బ్రౌజర్ వాడవలసి వచ్చింది. మా దగ్గర పనిచేసే కుర్రాడు రెండో రోజు నుంచి నన్ను అడగడం మానేశాడు. మా అమ్మాయి ల్యాప్‌టాప్‌ను తన ఖాతాతో తానే పొడిగింపులో చేర్చుకుంది. కొత్తగా నేను కొన్నవి ఒక ఎస్ఎస్‌డీ, ఒక ర్యామ్ ముక్క మాత్రమే.

నిన్న రాత్రి దుకాణం మూసేశాక 2012లో కంపోజ్ చేసిన ఒక శుభలేఖను యూనికోడ్‌లోకి మార్చి చూశాను. అక్షరాలు చాలావరకు సరిగ్గానే వచ్చాయి. వధువు పేరులోని "లక్ష్మి"లో మకారం కింద నుంచి విడిపోయి పక్కకు వచ్చింది, "శ్రీరస్తు"లో స్త ముక్కలైంది. రెండూ చేత్తో సరిచేసి, గురజాడ ఫాంటులో మళ్ళీ పేర్చి, ఎప్సన్ మీద ఒక కాగితం తీశాను. పాత కార్డు పక్కన పెట్టి చూస్తే అంచు పువ్వుల దగ్గర తప్ప తేడా కనిపించలేదు. ఇలాంటి ఫైళ్ళు ఆ డిస్క్‌లో వందల కొద్దీ ఉన్నాయి. రోజుకు రెండు చొప్పున మార్చడం మొదలుపెట్టాను. ఒత్తులు విడిపోయిన చోట్లన్నీ ఒకేసారి వెతికి సరిచేసే పద్ధతి ఏదైనా ఉంటే బొబ్బిలి మిత్రులు చెప్పగలరు.